వరద కంటే ముందొచ్చిన ప్రాసెసర్

కొండేరు వరద ముందస్తు అంచనా కేంద్రం పెట్టిన నాటి నుంచి ఒక్క అంచనా కూడా తప్పలేదు. ఒక్కటంటే ఒక్కటి. ఫలానా ఊళ్ళో నడుంలోతు నీళ్ళు వస్తాయంటే నడుంలోతే. ఫలానా గట్టు తెగుతుందంటే ఆ గట్టే, చెప్పిన చోటే తెగింది. పైనుంచి తనిఖీకి వచ్చిన పెద్దలు కూడా నోళ్ళు వెళ్ళబెట్టి వెళ్ళారు. గోడ మీద ప్రశంసాపత్రాలకు చోటు చాలక, రెండింటిని మరుగుదొడ్డికి వెళ్ళే దారిలో తగిలించారు.

ఇంత ఖచ్చితత్వం ఎలా వచ్చిందంటే, అంచనా ఎప్పుడూ వరద వెళ్ళిపోయాకే వచ్చేది.

ఇందులో దాపరికం ఏమీ లేదు. కొండల్లో కురిసిన వాన ఏట్లోకి దిగి కింద ఊళ్ళకు చేరడానికి ఒక రాత్రి చాలు. ఆ వాన లెక్కలన్నీ మింగిన పాత కంప్యూటర్‌కు మాత్రం వాటిని అరిగించుకుని జవాబు చెప్పడానికి రెండు రోజులు పట్టేది. ఈలోగా ఏరు తన పని తాను ముగించుకుని సముద్రంలో కలిసిపోయేది. జవాబు రాగానే సిబ్బంది జీపెక్కి ఊళ్ళకు పోయి, గోడల మీద బురద చారలు కొలిచి, అంచనాతో పోల్చి చూసేవారు. ఎక్కడైనా అరడుగు తేడా ఉంటే అంచనాను సరిదిద్దేవారు. అప్పుడు గాని 'ముందస్తు హెచ్చరిక' విడుదలయ్యేది కాదు. బాధ్యత గల సంస్థ అంటే అదీ. నోటికొచ్చింది చెప్పి జనాన్ని హడలగొట్టడానికి వాళ్ళేమన్నా చిలక జోస్యగాళ్ళా?

ఈ నిష్ఠను చెడగొట్టడానికే అన్నట్టు ఇసకపాయ నుంచి బంటుపల్లి దాలమ్మ బయల్దేరింది.

ఇసకపాయ అనేది ఏరు రెండు పాయలుగా చీలిన చోట, ఆ రెంటి నడుమ ఉన్న ఊరు. ఏరు మామూలుగా ఉంటే వంకాయలూ ఆనపకాయలూ విరగ్గాసే ఊరు. ఏరు పొంగితే రెండు పాయలూ ఒకటై మధ్యలో ఊరు ఉండదు. పోయినేడు అలాగే లేకుండా పోయింది. ఆరుగురు కొట్టుకుపోయారు. వాళ్ళలో దాలమ్మ చెల్లెలు సింహాచలం ఒకతె. శవాలు దొరికి, దహనాలయ్యి, మిగిలినవాళ్ళు తడి బియ్యం ఎండబెట్టుకుంటూ ఉంటే కేంద్రం వారి జీపు ఊళ్ళోకి వచ్చింది. "ఈ రాత్రికి మీ గ్రామానికి వరద వచ్చే అవకాశం ఉన్నది, ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను" అని మైకులో చెప్పింది. దాలమ్మ ఎండబెట్టిన బియ్యం వదిలి లేచి, జీపు దగ్గరకు నడిచి, ఆ మైకు పీకి ఏట్లోకి విసిరేసింది. ఆ తర్వాత నలభైమంది ఆడవాళ్ళను వెంటేసుకుని వచ్చి కేంద్రం గేటు ముందు పొయ్యిలు పెట్టి కూర్చుంది.

పొయ్యిల పొగ కేంద్రంలోకి, కేంద్రం నుంచి రాజధానిలోకి వెళ్ళింది. అక్కడి నుంచి ఒక కొత్త కంప్యూటర్ దిగింది. దాని లోపల ఎవరో కనిపెట్టిన సరికొత్త ప్రాసెసర్ ఉందట. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కు బుర్ర. బిస్కెట్టంత ఉంటుంది. దాంతోపాటు ఒక ఉత్తర్వు కూడా దిగింది. సదరు ప్రాసెసర్ పనితీరునూ విలువనూ కూలంకషంగా పరిశీలించి, తగునో తగదో తేల్చడానికి ఒక మూల్యాంకన కమిటీ వేయాలి. అందులో ప్రజల పక్షాన ఒక సభ్యురాలు ఉండాలి.

"గేటు ముందు కూర్చున్నావిడను కుర్చీలో కూర్చోబెడితే గేటు ఖాళీ అవుతుంది" అన్నాడు కేంద్రం ముఖ్య అధికారి జగదీశ్వరప్రసాద్. ఆ కమిటీకి ఆయనే చైర్మన్. అలా దాలమ్మ సభ్యురాలైంది.

మొదటి సమావేశంలో అసిస్టెంట్ ఇంజినీరు పొట్నూరు కూర్మారావు కొత్త యంత్రం నడిపి చూపించాడు. కూర్మారావు ప్రమోషన్ కోసం పదేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి. అందుచేత ప్రతి మాట చివరా "సార్" తగిలిస్తాడు. పోయినేటి వాన లెక్కలు దానికి పెట్టి మీట నొక్కాడు. టీలు వచ్చాయి. టీలు చల్లారకముందే తెర మీద కొండేరు పటం విచ్చుకుంది. రెండు నీలి గీతల మధ్య ఒక చుక్క ఎర్రబడింది.

"అదేటి బాబూ?" అంది దాలమ్మ.

"మీ ఊరేనమ్మా. ఇసకపాయ. పీకల్లోతు నీళ్ళు."

"ఇప్పుడే నొక్కినావు గదా. అప్పుడే సెప్పీసినాదా?"

"పావుగంటలో చెప్పేస్తుందమ్మా. పాతదానికి రెండు రోజులు పట్టే లెక్క."

దాలమ్మ ఆ ఎర్ర చుక్కను చాలాసేపు చూసింది. "అయితే పోయినేడు ఇది ఉండుంటే మా సింహాచలం బతికుండును" అంది.

చైర్మన్ గొంతు సవరించుకుని, "ఉద్వేగాలు మినిట్సులోకి ఎక్కించకండి" అని కూర్మారావుకు చెప్పాడు.

ఇక మూల్యాంకనం మొదలైంది. మొదట అకౌంట్స్ అధికారి మాణిక్యరావు అందుకున్నాడు. ఇతను సున్నం డబ్బా కొన్నా మూడు కొటేషన్లు అడిగే మనిషి.

"విలువ అనేది శ్రమను బట్టి నిర్ణయింపబడుతుంది" అన్నాడు. "పాత కంప్యూటర్ ఒక అంచనాకు రెండు పగళ్ళు, రెండు రాత్రులు విశ్రాంతి లేకుండా పనిచేస్తున్నది. కొత్తది పావుగంట పనిచేసి, తక్కిన కాలమంతా ఖాళీగా కూర్చుంటున్నది. దాదాపు రెండు రోజుల సోమరితనం! ఆడిట్ వాళ్ళు అడిగితే ఏం చెప్తాం? రోజంతా పనిచేసేదాన్ని తీసేసి, పావుగంట పనిచేసేదాన్ని తెచ్చామని చెప్తామా?"

"ఏటి బాబూ, ఈ మాట!" అంది దాలమ్మ. "అరగంటలో కూడొండీసిన కోడలు మంచిదా, రెండ్రోజులు పొయ్యి ఊదీది మంచిదా?"

"కోడలికి జీతం ఉండదమ్మా" అన్నాడు మాణిక్యరావు ఓపిగ్గా. "జీతం లేనిచోట తొందరగా వండటం సుగుణం. ప్రభుత్వ సొమ్ము ఉన్నచోట తొందరగా వండటం అనుమానాస్పదం."

చైర్మన్ ఈ వాక్యాన్ని మినిట్సులో ఎక్కించమన్నాడు.

మాణిక్యరావుకు ఇంకో సందేహం కూడా ఉంది. పాతది పనిచేస్తుంటే పిండిమర ఆడుతున్నట్టు మోత. వరండాలోకి రాగానే కేంద్రం పనిచేస్తోందని ఎవరికైనా తెలుస్తుంది. కొత్తది చడీ చప్పుడూ చేయదు. పనిచేస్తోందనడానికి రుజువేమిటి? కూర్మారావు తెర చూపించాడు. తెర అబద్ధమాడవచ్చునని మాణిక్యరావు అన్నాడు. చివరకు స్టోరు నుంచి ఒక పాత టేబుల్ ఫ్యాను తెప్పించి, కొత్త కంప్యూటర్ లెక్క చేస్తున్నంతసేపూ దాని పక్కన తిప్పాలని తీర్మానించారు. ఆ ఫ్యాను రెక్క ఒకటి వంగిపోయి గీరుకుంటుంది. మోత సంతృప్తికరంగా ఉన్నదని కమిటీ నమోదు చేసింది.

రెండో సమావేశంలో సిబ్బంది వ్యవహారాల సూపరింటెండెంట్ శేషరత్నమ్మ వంతు వచ్చింది. ఆవిడ సర్వీసులో సగం సస్పెన్షన్ ఉత్తర్వులు రాయడంతోనే గడిచింది. ప్రాసెసర్ లోపల ఎనిమిది కోర్లున్నాయని, అంటే ఎనిమిది బుర్రలు కలిసి ఒక లెక్కను పంచుకుని చేస్తాయని కూర్మారావు వివరించేసరికి ఆవిడ కళ్ళజోడు తీసేసింది.

"ఒకే పోస్టులో ఎనిమిది మందా?"

"మంది కాదు మేడమ్, కోర్లు."

"ఏవైనా సరే. రేపు అంచనా తప్పిందనుకోండి. ఎనిమిదింట్లో తప్పు చేసింది ఏది? షోకాజ్ నోటీసు దేనికి ఇవ్వాలి? అన్నీ కలిసి చేశాం అంటాయి. అందరూ కలిసి చేసిన తప్పుకు ఎవరినీ సస్పెండ్ చేయలేం. నా ముప్పై ఏళ్ళ అనుభవంలో చెప్తున్నాను, బాధ్యత ఒకరి మీదే ఉండాలి."

"అయితే మేడమ్?"

"ఏడింటిని ఆపేయండి."

కూర్మారావు బిక్కమొహం వేశాడు. ఏడింటిని ఆపితే పావుగంట కాస్తా రెండు గంటలవుతుందని గొణిగాడు. శేషరత్నమ్మ ముఖం విప్పారింది. రెండు గంటలు పనిచేస్తే మాణిక్యరావుగారి సోమరితనం అభ్యంతరం కూడా కొంతవరకు తీరుతుందని చెప్పింది. మాణిక్యరావు లేచి నిలబడి ఆవిడకు కృతజ్ఞతలు తెలిపాడు.

దాలమ్మ వేళ్ళ మీద లెక్కేసుకుంది. రెండు గంటలైనా మంచిదే. ఏరు రావడానికి ఒక రాత్రి పడుతుంది. ఊరంతా గట్టెక్కడానికి ఒక పూట చాలు. వీళ్ళు ఏడు బుర్రలు ఆపుకుంటారో, ఫ్యాన్లు తిప్పుకుంటారో, చావనీ. ఎర్ర చుక్క ముందు కనపడితే చాలు. అందుకని ఆవిడ నోరు మూసుకుంది. నోరు మూసుకోవడం ఆవిడకు జన్మలో అలవాటు లేదు. దవడలు నొప్పెట్టాయి.

అసలు ముడి చైర్మన్ దగ్గర పడింది.

"మిత్రులారా" అన్నాడు జగదీశ్వరప్రసాద్ మూడో సమావేశంలో, కిటికీ బయటకు చూస్తూ. "ఇంతవరకు మన అంచనాలు ఎందుకు తప్పలేదు? వాస్తవంతో సరిపోల్చిన పిమ్మటే విడుదల చేశాం గనుక. ఇప్పుడీ ప్రాసెసర్ వరద రాకమునుపే అంచనా ఇస్తానంటున్నది. రాని వరదతో దేన్ని సరిపోలుస్తాం? ఎక్కడ కొలుస్తాం చార? వరద రాకముందు ఇచ్చిన అంచనా నిజమో అబద్ధమో వరదకు కూడా తెలియదు!"

కమిటీ ఉలిక్కిపడింది. ఇంత పెద్ద లోపం ఎవరి కంటికీ ఆనలేదు.

"పైగా," అన్నాడు చైర్మన్ గొంతు తగ్గించి, "వరద వెళ్ళిపోయాక చెప్తే విన్నవారు 'అయ్యో' అంటారు. వరదకు ముందు చెప్తే 'ఇప్పుడేం చేద్దాం' అంటారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే విభాగం మన సంస్థలో లేదు."

"పడవలు పంపించండి బాబూ" అంది దాలమ్మ.

"పడవలు మత్స్యశాఖవి అమ్మా."

చాలా తర్జనభర్జన జరిగింది. చివరకు చైర్మనే దారి చూపించాడు. నిజమైన వరద వచ్చినప్పుడు ప్రాసెసర్‌కు పరీక్ష పెట్టాలి. అది ముందుగా ఇచ్చిన అంచనాను, తర్వాత జరిగిన వాస్తవంతో పోల్చాలి. సరిపోతే పాస్. అంతవరకు అది చెప్పేది 'పరీక్షా ఫలితం' మాత్రమే. 'సమాచారం' కాదు. సమాచారం కానిది కేంద్రం గడప దాటరాదు. దాటితే జనం దాన్ని బట్టి అటూ ఇటూ కదులుతారు. వాస్తవం చెడిపోతుంది. చెడిపోయిన వాస్తవంతో శాస్త్రీయంగా పోల్చలేం. అందుచేత సభ్యులందరూ గోప్యతా ప్రమాణం మీద సంతకం చేయాలి.

కూర్మారావు ఆ కాగితం దాలమ్మ ముందు పెట్టాడు. ఆవిడ పెన్ను పట్టుకుని ఆగింది.

"ఒక్క మాట సెప్పండి. ఇది పాసయిపోతే, ఆ పైన ప్రతి వరదకీ మా ఊరికి ముందే సెప్తారా?"

"ఖచ్చితంగా" అన్నాడు చైర్మన్. "శాశ్వత ప్రాతిపదికన."

"మాట?"

"ప్రభుత్వ మాట."

మనిషి మాట అనుంటే దాలమ్మ ఇంకా అనుమానించేది. ఒక్క వరద. ఒక్క పరీక్ష. ఆ తర్వాత తన మనవల కాలం దాకా ఎవరూ సింహాచలంలా కొట్టుకుపోరు. సంతకం పెట్టేసింది.

వానాకాలం నడిమధ్య ఒక పొద్దున కొండల్లో ఆకాశం చిల్లు పడింది. మధ్యాహ్నానికి కమిటీ అత్యవసరంగా కూడింది. ఫ్యాను గీరుకుంటూ తిరిగింది. ఒంటి బుర్రతో ప్రాసెసర్ లెక్క మొదలుపెట్టింది. సభ్యులు పకోడీలు తిన్నారు. పకోడీలు అయిపోయి చేతులు తుడుచుకుంటూ ఉండగా పటం విచ్చుకుంది. రెండు నీలి గీతలు లావెక్కాయి, దగ్గరయ్యాయి, కలిసిపోయాయి. మధ్యలో ఎర్ర చుక్క.

కూర్మారావు చదివాడు. "తెల్లారేసరికి ఇసకపాయ దగ్గర నిలువెత్తు నీళ్ళు సార్. ఇళ్ళన్నీ పోతాయి సార్. ప్రాణనష్టం... ముప్పై ఎనిమిది, సార్."

"భేష్!" అన్నాడు చైర్మన్. "ఇంతకంటే అనువైన పరీక్షా పరిస్థితి దొరకదు."

దాలమ్మ లేచి నిలబడింది. "ఇంకా కూసుంటారేటి? బేగి ఫోన్లు కొట్టండి. పొద్దుండగానే దాటించీవొచ్చు."

"కూర్చోండి దాలమ్మగారూ." చైర్మన్ గొంతులో తేనె కారింది. "ఈ ప్రాసెసర్ కావాలని గేటు ముందు పొయ్యిలు పెట్టింది మీరే కదా. చేతికందే వేళ మీరే పాడు చేసుకుంటారా? మీవాళ్ళు కదిలారంటే పరీక్ష పోయింది. పరీక్ష పోయిందంటే ప్రాసెసర్ పోయింది. ఈ ఒక్క రాత్రి ఓపిక పట్టండి. తర్వాత తరతరాలకూ ముందస్తు హెచ్చరిక."

"ముప్పై ఎనిమిది మందండీ!"

"ఒక్కసారికే."

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. అదే ఘోరం. దాలమ్మ కుర్చీలో కూలబడింది. నోరు మూసుకుంటే యంత్రం దక్కుతుంది, ఊరు పోతుంది. నోరు తెరిస్తే ఊరు దక్కుతుంది, యంత్రం పోతుంది. మళ్ళీ ఏడు, ఆ పై ఏడు, ఏరు వస్తూనే ఉంటుంది. జీపు బురద చారలు కొలుస్తూనే ఉంటుంది. చెల్లెలు చనిపోయింది హెచ్చరిక లేకనే. ఇప్పుడు హెచ్చరిక సంపాదించడానికి ముప్పై ఎనిమిది మంది చెల్లెళ్ళు చావాలట. ఆ లెక్క ఏ బుర్రతో చేసినా, ఎనిమిది బుర్రలతో చేసినా, దాలమ్మకు తేలలేదు.

"ఆకూ వక్కా అయిపోనాయి. తెచ్చుకుంటాను" అని లేచింది.

బయటికి రాగానే ఆటో ఎక్కింది.

ఇసకపాయలో వాన చుక్క లేదు. ఎండ కాస్తోంది. రచ్చబండ దగ్గర మగవాళ్ళు పేకాడుతున్నారు.

"లెగండర్రా! ఏరు పొంగీస్తంది. తెల్లారేసరికి ఊరుండదు. పిల్లా గుంటల్ని ఎత్తుకుని గట్టెక్కీండి!"

"ఎవలు సెప్పినారు దాలమ్మప్పా?" అన్నాడు గవరయ్య ముక్క కిందపెట్టకుండానే.

"కేంద్రంల కంప్యూటర్ సెప్పినాది."

గవరయ్య హాయిగా ఊపిరి వదిలాడు. "ఓసోస్! అయితే భయం నేదురా. కేంద్రం వోళ్ళు వరదొస్తాదని సెప్పినారంటే వరద ఎల్లిపోయినట్టే. ఎప్పుడు తప్పినాదది?"

"అవునప్పా" అంది ఒక ముసలామె, చేట పక్కనబెట్టి దండం పెడుతూ. "ఈ ఏడు గండం గడిసిపోనాది. తల్లీ, నీ దయ."

దాలమ్మ నెత్తి కొట్టుకుంది. ఇది కొత్త కంప్యూటర్ అంది. ఇది ముందే చెప్తుందంది. జనం నవ్వారు. వరద రాకముందు హెచ్చరిక వస్తుందని చెప్పడానికి ఇసకపాయలో ఆవిడకు ఒక్క సాక్షి దొరకలేదు. కేంద్రం తన నమ్మకాన్ని అంత గట్టిగా నిలబెట్టుకుంది మరి. పేకాట మళ్ళీ మొదలైంది.

అప్పుడు దాలమ్మ మాట్లాడటం మానేసింది. నేరుగా గవరయ్య పాకలోకి పోయి గేదె పలుపు విప్పింది. పక్క పాకలో రెండు ఆవులు విప్పింది. ఆ పక్కది, ఆ పై పక్కది. కర్ర ఒకటి లాక్కుని "హే! హే!" అంటూ మందనంతా పాయ దాటించి గట్టు వైపు తోలింది. మోకాలిలోతు నీళ్ళలో పశువులు బెదిరి పరిగెత్తాయి.

ఊరు మొత్తం లేచింది. "ఓలమ్మో, దీనికి పిచ్చెక్కీసింది!" "నా గేది సూలిదే, కాలిరిగితే నిన్నొదల్ను!" "పట్టండర్రా దాన్ని!" మగవాళ్ళు పేకముక్కలు పారేసి పరిగెత్తారు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు, ఆడవాళ్ళ వెనక పిల్లలు, పిల్లల వెనక కుక్కలు. ముసలామెను కూడా ఎవరో వీపున వేసుకొచ్చారు, దాలమ్మను తిట్టడంలో ఆవిడకు సాటి లేదని. గట్టెక్కి, పశువులను ఏరుకుని, దాలమ్మను చుట్టుముట్టి, తిట్లు తిడుతూ ఉండగానే పొద్దు కుంకింది. వెనక్కి దిగబోయిన వాళ్ళు పాయ ఒడ్డున ఆగిపోయారు. ఇందాక మోకాలిలోతున్న నీళ్ళు నడుం దాటి సుడులు తిరుగుతున్నాయి.

తిట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

తెల్లారేసరికి ఇసకపాయ లేదు.

సమీక్షా సమావేశం ఏరు తగ్గాక జరిగింది. ఇళ్ళు పోయిన ఊరు ఊరంతా పశువులతో సహా దాలమ్మ వెంట వచ్చి కేంద్రం గేటు బయట నిలబడింది. లోపల కూర్మారావు పోలిక చదివాడు.

"నీటి ఎత్తు సరిపోయింది సార్. ఇళ్ళ నష్టం సరిపోయింది సార్. ప్రాణనష్టం అంచనా ముప్పై ఎనిమిది, వాస్తవం సున్న, సార్."

"సున్నా?" అన్నాడు మాణిక్యరావు.

"ఒక్కరు కూడా పోలేదు సార్."

కమిటీలో విషాదం అలుముకుంది. చైర్మన్ తల పట్టుకున్నాడు. "ముప్పై ఎనిమిది అని చెప్పి ఒక్కరిని కూడా చూపించలేకపోయింది. ఇంత దారుణమైన తప్పు మన సంస్థ చరిత్రలో లేదు."

"పాత కంప్యూటర్ ఏం చెప్పిందండీ?" అని శేషరత్నమ్మ అడిగింది.

"నిన్న సాయంత్రం జవాబిచ్చింది మేడమ్. సరిదిద్దుకున్నాక, ప్రాణనష్టం సున్న."

"చూశారా! అక్షరం పొల్లుపోలేదు."

దాలమ్మ బల్ల చరిచింది. "నాను తోలబట్టి బతికినారు! తోలకపోతే అందరూ సచ్చీవోళ్ళే! మీ యంత్రం సెప్పింది నిజమే!"

"అదేనమ్మా మీరు చేసిన అపచారం" అన్నాడు చైర్మన్ నొచ్చుకుంటూ. "దాని నిజాన్ని మీరు అబద్ధం చేశారు. పాపం, ప్రాసెసర్ తన పని తాను సక్రమంగా చేసింది. మీవాళ్ళే సహకరించలేదు."

"అయితే ఎంతమంది సావాల్సింది బాబూ, ఇది పాసవడానికి?"

ఆవిడ కడుపు మండి అడిగింది. చైర్మన్ మాత్రం దాన్ని సాంకేతిక సందేహంగా స్వీకరించాడు. "మంచి ప్రశ్న. అనుమతించదగ్గ తేడా ఎంత, కూర్మారావ్?"

కూర్మారావు అలవాటు కొద్దీ ఆ లెక్కను ప్రాసెసర్‌కే పెట్టాడు. మీట మీద నుంచి వేలు తీయకముందే జవాబు వచ్చేసింది.

"ముప్పై ఒకటి సార్. ముప్పై ఒక్కరు పోయుంటే పాసయ్యేది."

కమిటీ మొదటిసారి ఆ ప్రాసెసర్ వేగానికి ముచ్చటపడింది. మాణిక్యరావు కూడా, విలువైన వస్తువేనని ఒప్పుకున్నాడు. ఇంత చురుకైనదాన్ని ఒక్క పరీక్షతో తిప్పి పంపడం న్యాయం కాదని, వచ్చే వరదకు మరో అవకాశం ఇవ్వాలని ఏకగ్రీవంగా తలచారు.

"మంచిది" అంది దాలమ్మ. గొంతు చల్లబడిపోయింది. "వచ్చే వరదకి మీ కమిటీ అంతా పెళ్ళాం బిడ్డల్తో మా ఊరొచ్చి పడుకోండి. ముప్పై ఒకటికి మీ వంతు మీరు కలపండి."

చైర్మన్ ఆ ప్రతిపాదనను కూడా ఆలోచించాడు. ఆయన ఏ ప్రతిపాదననూ ఆలోచించకుండా తోసిపుచ్చడు. "కుదరదమ్మా. పరీక్షించేవాళ్ళు శాంపిల్‌లో ఉండకూడదు. పక్షపాతం వస్తుంది."

శేషరత్నమ్మ గోప్యతా నిబంధన సవరణ చదివింది. ఇకపై ప్రాసెసర్ ఫలితం ఎట్టి పరిస్థితుల్లోనూ కేంద్రం గడప దాటరాదు. సభ్యులు ఫలితం వచ్చాక ఆకు, వక్క ఇత్యాది కారణాలతో బయటకు వెళ్ళరాదు.

"గడప దాటకూడదు. అంతే గదా?" అంది దాలమ్మ.

"అంతే."

"లోపలున్నవోళ్ళు సూడొచ్చు?"

"లోపలున్నవాళ్ళకు తెలియకుండా ఎలా ఉంటుందమ్మా? తెర ఇక్కడే ఉంది కదా."

దాలమ్మ లేచింది. వరండాలోకి వెళ్ళి గేటు గడియ తీసింది.

"రండర్రా! గవరయ్యా, గేదిల్ని కూడా తోలుకురా. ముసల్దాన్ని ముందు దించండి. బేగి!"

ఇసకపాయ లోపలికి వచ్చింది. చాపలు, తపేలాలు, ఉయ్యాల గుడ్డలు, కోళ్ళ గంపలు. ఆడవాళ్ళు మీటింగ్ హాలులో ఓ పక్కన పొయ్యి రాళ్ళు పేర్చారు. పిల్లలు తెర ముందు బాసింపట్లేసి కూర్చున్నారు. గవరయ్య తన గేదెను తెచ్చి మాణిక్యరావు కుర్చీ కోడుకు కట్టేశాడు.

"ఇది ప్రభుత్వ కార్యాలయం!" అని అరిచాడు జగదీశ్వరప్రసాద్. "గోప్యత! గోప్యత ఏం కావాలి?"

శేషరత్నమ్మ గబగబా నిబంధనలు తిరగేసింది. గడప దాటి బయటకు పోవడం గురించే ఉంది. గడప దాటి లోపలికి రావడం గురించి ఎక్కడా లేదు.

దాలమ్మ తన కుర్చీలో మళ్ళీ కూర్చుంది. ఆవిడ ఇంకా సభ్యురాలే.

"నువ్వు కంగారు పడకు బాబూ. మావోళ్ళు ఒక్క ముక్క బయటికి సెప్పరు. సెప్పడానికి బయట మాకెవరు మిగిలినారని?"